తద్దినం వంటలో మిరపకాయ

బడిలో మగపిల్లల చేత ముగ్గు వేయించిన మేష్టరు గోదావరికి ఈ ఒడ్డున గాని ఆ ఒడ్డున గాని నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆ ముగ్గు అప్పట్లో నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది. ఆ ఎసరు దింపిన మనిషి నాకు చుట్టమూ కాదు, పై అధికారీ కాదు. తద్దినాలకి వంట చేసే ఒక పెద్దావిడ. ఆవిడకి అక్షరం ముక్క రాదు. నేను పాతికేళ్లుగా చరిత్ర పాఠం చెబుతున్నాను. అదెలా చెప్పాలో నాకు నేర్పింది మాత్రం ఆవిడే. కిందటేడు ఆవిడ కాలం చేసింది. బతికుండగా ఈ మాట ఆవిడతో సరిగ్గా చెప్పలేకపోయాను గనక ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా రాలేదు. అవతలికి వెళ్లాలంటే పడవే గతి. రాజమండ్రిలో ఒక హైస్కూలులో నాకు చరిత్ర మేష్టరుగా పని దొరికింది, అదీ ఏడాది చూసి చెబుతామన్న షరతు మీద. హెడ్మాస్టరుగారు బాగుందంటే ఖాయం చేస్తారు, లేదంటే వేసవి సెలవులతో సరి. మా అమ్మా, నా భార్యా ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని, పల్లెలో ఇల్లు మూసేసి నాతో వచ్చేశారు. ఇలాంటి వేళ మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి. నాకు ఆ గుణం లేదు. కోపం ముక్కు మీద ఉంటుంది, నోరు దానికన్నా ముందు ఉంటుంది.

నేను చదువుకున్న చరిత్ర అంతా వల్లె వేసిందే. ఇంగ్లాండు రాజుల పేర్లు వరసగా, ఊగుతూ అప్పగించేవాళ్లం. ఎవడు ఎవణ్ణి చంపాడో మాకు తెలుసు. ఎందుకు చంపాడో మాకూ తెలీదు, మా మేష్టరుగారికీ తెలీదు. నేను మేష్టర్నయ్యాక ఆ వల్లెనే కొనసాగించాను. పాఠం ఇంగ్లీషులో, అర్థం తెలుగులో, దెబ్బలు ఏ భాషా లేకుండా.

ఒకరోజు పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి ఒకణ్ణి లేపి అడిగాను.

"కొలంబస్ ఎవడ్రా?"

"అమెరికా కనిపెట్టినవాడండి."

"కనిపెట్టి ఏం చేశాడు?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ఏం చెయ్యలేదండి. అక్కడితో పేజీ అయిపోయిందండి."

క్లాసంతా గొల్లుమంది. నేను బెత్తం తీసి వాడి చెయ్యి చాపమన్నాను. చాపాడు. ఎత్తిన బెత్తం ఎత్తినట్టే ఉండిపోయింది. వాడన్న దాంట్లో అబద్ధం ఏముంది? నేను చదువుకున్నప్పుడు కూడా పేజీ అక్కడితోనే అయిపోయింది. బెత్తం బల్ల మీద పెట్టేసి వాణ్ణి కూర్చోమన్నాను.

ఆ మధ్యాహ్నం ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. మా అమ్మ వేడన్నంలో కొరివికారం వేసింది. పండు మిరపకాయ, చింతపండు, ఉప్పు కలిపి దంచిన పచ్చడి. మా వైపు అది లేని ఇల్లు ఉండదు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఎప్పుడో కాలేజీలో ఎవరో దొర రాసిన మొక్కల పుస్తకంలో చదివిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. మిరప మన దేశపు మొక్క కాదు, అమెరికాది, పోర్చుగీసువాళ్ల ఓడల్లో ఇటు వచ్చిందని. కొలంబస్ అమెరికా కనిపెట్టి ఏం చేశాడంటే, చుట్టూ తిరిగి తిరిగి మా అమ్మ రోట్లోకి వచ్చాడు. నాకు నవ్వొచ్చింది, పొలమారింది. మా అమ్మ నెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంది.

మర్నాడు పిల్లల్ని ఇళ్ల నుంచి తలో పిడికెడు ముగ్గుపిండి తెమ్మన్నాను. తెచ్చారు. బల్లలన్నీ గోడకి జరిపించి, గచ్చు మీద ప్రపంచపటం వెయ్యమన్నాను. ఒక్కడూ వంగలేదు.

"ముగ్గు ఆడవాళ్ల పనండీ" అన్నాడొకడు.

"సరే, అయితే లోకం కూడా ఆడవాళ్లదేలే. మీరు బయట నించోండి" అన్నాను. దాంతో రోషం వచ్చి వంగారు. చుక్కలు పెట్టుకుని, అట్లాసు చూసుకుంటూ గీశారు. ఆఫ్రికా కాస్త వంకాయలా వచ్చింది. హిందూదేశం మాత్రం తీర్చిదిద్దినట్టు వచ్చింది. కాకినాడ దగ్గర ఒకడు పసుపు కూడా పెట్టాడు.

తరవాత మనుషుల్ని నిలబెట్టాను. మలబారులో ఒకణ్ణి మిరియాలు పట్టుకుని నించోమన్నాను. పోర్చుగల్లో ఇద్దర్ని నిలబెట్టి ఓడవాళ్లన్నాను. అమెరికాలో నిలబడ్డానికి మిరపకాయలున్నవాడు కావాలి. గోదావరి లంకల్లో మిరప పండించే రైతు కొడుకొకడు క్లాసులో ఉన్నాడు, వాణ్ణి ముగ్గుపిండితోపాటు గుప్పెడు మిరపకాయలు కూడా తెమ్మని ముందే చెప్పి ఉంచాను. వాడు అమెరికాలో అడుగు పెట్టడానికి మొరాయించాడు.

"మాది లంకండీ. అమెరికా ఏంటండీ?"

"కాసేపు నించోరా, మళ్లీ లంకలోకే తీసుకొస్తాను."

ఓడవాళ్లు అడుగులో అడుగు వేసుకుంటూ, ముగ్గు చెరపకుండా సముద్రాలు దాటారు. ఒకడు వాడి దగ్గర మిరపకాయలు తీసుకుని ఆఫ్రికా కొస చుట్టి మన ఒడ్డుకి తెచ్చాడు. ఒకడు మలబారు మిరియాలు పట్టుకుని అటు పోయాడు. ఎందుకు వచ్చారు, ఏది పట్టుకుపోవడానికి వచ్చి ఏది వదిలిపోయారు, అని నేను అడుగుతుంటే పిల్లలే చెప్పుకొచ్చారు. ఆ అరగంటలో నేను బెత్తం ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను.

అంతలో అమెరికాలో ఉన్న రైతు కొడుకు అడిగాడు. "అయితే మేష్టారండీ, వీళ్లు తేకముందు మనవాళ్లు కారానికి ఏం వేసుకునేవారండీ?"

నాకు తెలీదు. పుస్తకంలో లేదు. తెలీదని క్లాసులో ఒప్పుకోవడం అదే మొదటిసారి. "ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని అడిగి రండి" అన్నాను. తప్పించుకోవడానికి అన్న మాటే అది. తరవాత పాతికేళ్లు నాకు అన్నం పెట్టిన మాట కూడా అదే.

మర్నాడు అందరూ చివాట్లు తిని వచ్చారు. "మిరపకాయ లేని రోజులంటూ ఉన్నాయిట్రా?" అన్న తాతలు కొందరు. "మీ మేష్టరుకి మతి పోయిందా?" అన్న నానమ్మలు కొందరు. చివరి బల్ల మీద ఒక పిల్లవాడు కూర్చునేవాడు. తండ్రి లేడు, మామ్మ దగ్గర పెరుగుతున్నాడు. అప్పటిదాకా వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. వాడు లేచి నిలబడ్డాడు.

"మా మామ్మ తద్దినం వంటలో మిరపకాయ వెయ్యదండి. మిరియాలే వేస్తుందండి."

అందరి ఇళ్లలోనూ జరిగేదే. మా నాన్నగారి ఆబ్దికానికి మా ఇంట్లోనూ అంతే. అరటికాయ కూరలో మిరియప్పొడి, చారులో మిరియాలు. ఏడాదికోసారి ఆ వంట తింటూనే ఉన్నాం. ఎందుకలాగ అని ఒక్కనాడూ అడగలేదు.

"ఎందుకు వెయ్యదట్రా?" అన్నాను.

"అడిగితే కోప్పడిందండి. వెయ్యకూడదు, అంతే అందండి."

నేనేమీ చెప్పలేదు. నాకే గర్వంగా ఉంది ఆ ఒక్క నిమిషం తలుచుకుంటే. పిల్లలే ఒకరి మాట ఒకరు అందుకున్నారు. ఆ వంట ఎవరికి? పితృదేవతలకి. అంటే ఎప్పటివాళ్లకి? తాతల తాతలకి. మరి వాళ్లు తిన్నదే పెట్టాలి కదా? లంక రైతు కొడుకు గట్టిగా అరిచాడు, "అయితే వాళ్లు మిరియాలే తిన్నారండీ!" ఇది రుజువు కాదురా, ఆనవాలు మాత్రమే అని చెప్పి, నల్లబల్ల మీద సుద్దతో రాశాను: పూర్వం కారానికి మిరియాలు వాడి ఉండవచ్చు. దాని కింద, ఆధారం: మామ్మ.

చివరి బల్ల పిల్లవాడు ఆ రెండు మాటలూ పలక మీద ఎక్కించుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. అది సీతాఫలాల కాలం. మధ్యాహ్నం విరామంలో పిల్లలు తింటున్నారు. నేను అప్పటికే నేల మీద నడవడం లేదు. "ఒరే, మీరు తింటున్న సీతాఫలం కూడా అమెరికాదేరా. సీతమ్మవారు దాన్ని కంటితో కూడా చూసి ఉండదు" అనేశాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. పుస్తకంలో చదివిన ముక్కే అది కూడా. కాని మిరపకాయ సంగతి పిల్లలు తవ్వి తీసుకున్నారు. ఇది నేను వాళ్ల నెత్తిన వేశాను.

అక్కడ ఉన్నవాళ్లలో ఒక వకీలుగారి అబ్బాయి ఉన్నాడు. పుస్తకం అప్పగించడంలో క్లాసులో వాడే మొదటివాడు. ఈ ముగ్గులూ మామ్మలూ మొదలైన దగ్గర్నుంచి వాడికి చెయ్యడానికి ఏమీ లేకుండా పోయింది, పాపం. వాడు ఇంటికి వెళ్లి అంతా చెప్పాడు. వకీలుగారు మా బడి కమిటీలో సభ్యులు.

రెండోనాడే హెడ్మాస్టరుగారు పిలిచారు. ఆయన మంచివాడు, భయస్థుడు. తలుపు దగ్గరగా వేసి, "సీతమ్మవారి జోలికి ఎందుకెళ్లారండీ?" అన్నారు. "ఆదివారం పొద్దున్న వకీలుగారింటికి వెళ్లి ఆయన చెప్పినట్టు చెయ్యండి. ఆయన వద్దంటే మిమ్మల్ని నేను ఉంచలేను" అన్నారు. ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను. పల్లెలో ఇంటి తాళంచెవి దేవుడి మందసం మీద ఉండేది. ఆవిడ దాన్ని తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టింది.

ఆదివారం వెళ్లాను. వకీలుగారు అరుగు మీద చాప వేయించి కూర్చోబెట్టారు, మజ్జిగ ఇప్పించారు. మర్యాదకేమీ లోటు చెయ్యలేదు. వీధి తలుపు తీసే ఉంది. లోపల వంటింటి వైపు నుంచి చేటలో మినుములు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రేపు మా నాన్నగారి ఆబ్దికమండి. ఇల్లంతా హడావిడిగా ఉంది. క్లుప్తంగా మాట్లాడుకుందాం" అన్నారు ఆయన. "మా అబ్బాయికి పరీక్షలో రాజుల పేర్లడుగుతారు. మిరపకాయల సంగతి అడగరు. బడిలో ముగ్గులేంటండీ? ఇంట్లో ఆడవాళ్లని పిల్లల చేత ప్రశ్నలేయించడం ఏంటండీ? మనం తినేది మ్లేచ్ఛుల తిండి అని పిల్లలకి చెబితే రేపు వాళ్లు దేన్ని నమ్ముతారండీ?"

మ్లేచ్ఛులు అన్న మాట నేను అనలేదండి అన్నాను. తద్దినం వంట సంగతి చెప్పబోయాను. ఆయన అడ్డు తగిలారు.

"తద్దినంలో మిరపకాయ ఎందుకు నిషేధమంటే, అది రాజసం, ఆ కారం కోపతాపాలు రేపుతుంది. శాస్త్రం తెలీకుండా మాట్లాడకూడదు."

అప్పటికే రాసి ఉంచిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. పుస్తకంలో లేనిది క్లాసులో చెప్పననీ, పిల్లల చేత పెద్దవాళ్లని ప్రశ్నలు వేయించననీ దాని సారాంశం. కలమూ సిరాబుడ్డీ పక్కనే ఉన్నాయి. నేను పెద్ద ధీరుణ్ణని ఇప్పుడు రాసుకోవడం తేలికే. కాని నిజం చెప్పాలి. సంతకం పెడదామనే కలం తీసుకున్నాను. మా అమ్మ చేతిలో తాళంచెవి కళ్లకి కట్టింది. కలం సిరాలో ముంచాను కూడా.

లోపల చేట చప్పుడు ఆగిపోయింది.

"రాజసమైతే మిరియం కారం కాదా నాయనా?"

తలుపు వెనక నుంచి ఆడగొంతు. పెద్దావిడ గొంతు. వకీలుగారు ఉలిక్కిపడి అటు తిరిగారు.

"దొడ్డమ్మా, మగవాళ్లు మాట్లాడుకుంటున్నాం. మీరు లోపలికి వెళ్లండి."

"నేను లోపలే ఉన్నాను నాయనా. మాటొక్కటే బయటికొచ్చింది."

మిరియం అన్న మాటతో అర్థమయింది నాకు. చివరి బల్ల పిల్లవాడి మామ్మ ఆవిడ. వకీలుగారికి జ్ఞాతుల మనిషి. భర్త పోయిన దగ్గర్నుంచి జ్ఞాతుల ఇళ్లలో తద్దినాలకి మడి కట్టుకుని వంట చేసిపెట్టి, ఆ ఆధారంతోనే మనవణ్ణి చదివిస్తోంది. మర్నాటి వంట కోసం ఆ పూట పప్పూ మినుములూ బాగు చేసుకోవడానికి వచ్చింది. పరాయి మగవాడి ఎదటికి రాదు. అంతటి మనిషి, తనకి అన్నం పెట్టే ఇంటి యజమాని మాటకి అడ్డు చెబుతోంది. ఆయన చిన్నబుచ్చుకుంటే ఆవిడకి ఆ ఇల్లొక్కటే కాదు, ఆయన మాట వినే నాలుగిళ్లూ పోతాయి. ఆ సంగతి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు.

"మావాడు వచ్చి అడిగితే నేనూ కేకలేశాను నాయనా, వెయ్యకూడదంటే వెయ్యకూడదని" అంది. "కేకలైతే వేశాను గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పొయ్యి దగ్గర కూర్చున్నా అదే, స్నానానికి గోదాట్లో దిగినా అదే. నలభయ్యేళ్లుగా మిరియాలు నూరుతున్నాను, ఎందుకు నూరుతున్నానా అని. చివరికి మా అత్తగారన్న మాట జ్ఞాపకం వచ్చింది. కాపరానికి వచ్చిన కొత్తలో నేను తెలీక తద్దినం కూరలో మిరపకాయ తుంపబోతే చెయ్యి పట్టుకుంది. 'పెద్దలు ఎరిగిందే పెట్టాలే. ఎరగనిది పెడితే ముట్టరు' అంది. ఆ మాట నేను మరిచేపోయాను. ఈ మేష్టారు అడక్కపోతే నాతోపాటే పోయేది."

వకీలుగారు కండువా సర్దుకున్నారు.

"పిల్లలు అడగబట్టే కదా మా అత్తగారు మళ్లీ నోట్లో మెదిలింది. మ్లేచ్ఛం ఏముంది నాయనా ఇందులో? రేపు మీ నాన్నగారికి నేను పెట్టబోయేది ఆ వంటే."

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంక నాదే గెలుపనుకుని కలం కింద పెట్టి, కాస్త నిటారుగా కూర్చున్నాను. ఆవిడకి ఆ కూర్చోవడం కనిపించిందో ఏమో.

"మీరూ ఉండండి మేష్టారూ" అంది. "మిరపకాయ సంగతి అడిగారు, బాగుంది. సీతాఫలం సంగతి ఎవర్ని అడిగారు?"

"ఎవర్నీ అడగలేదండి. పుస్తకంలో చదివానండి."

"మామ్మ చెబితే ఎందుకు అని అడగాలి గాని, పుస్తకం చెబితే అడగక్కర్లేదేంటండీ? అదీ సీతమ్మవారి మీద పెట్టి చెప్పాలేంటి? పళ్ల సంగతి నాకు తెలీదు. తెలీదు గనక నేను మాట్లాడను. మీకూ పుస్తకం చెప్పిందే గాని మీకై మీరు తెలుసుకున్నది లేదు కదా. మరి చిన్నపిల్లల దగ్గర అంత గట్టిగా ఎందుకన్నారు?"

నా జన్మలో ఎవరూ నన్ను అంత సూటిగా తిట్టలేదు. అంత న్యాయంగానూ తిట్టలేదు. తల వంచుకుని, "తప్పేనండి" అన్నాను. చేట చప్పుడు మళ్లీ మొదలైంది.

వకీలుగారిని నేను ఆ రోజు వరకూ తప్పుగా అనుకున్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ఎల్లుండి క్లాసులో సీతాఫలం మాట మీరే సర్దుకోండి. మా అబ్బాయికి రాజుల పేర్లు కూడా రావాలి. అదీ ఇదీ రెండూ చూసుకోండి" అన్నారు. చూసుకుంటానన్నాను. ఆవిడకి ఆ ఇల్లు పోలేదు. తరవాత ఎన్నో ఏళ్లు ఆ ఇంటి తద్దినం వంట ఆవిడే చేసింది.

అరుగు దిగుతుంటే తలుపు వెనక నుంచి మళ్లీ పిలిచింది.

"మేష్టారండీ, నా మాట బడిలో బల్ల మీద రాశారటగా. మావాడు చెప్పాడు. ఏమని రాశారు?"

"ఆధారం మామ్మ అని రాశానండి."

"అంటే?"

"ఈ సంగతి మాకు చెప్పింది మామ్మ, ఆవిడ మాట మీద నిలబడి చెబుతున్నాం అనండి."

"తుడిచేశారా?"

"తరవాతి పాఠానికి తుడవాల్సొచ్చిందండి."

"పోనీలెండి" అంది. "రాశారు కదా."

ఇంటికి వెళ్లే దారిలో గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం నిలబడినందుకు కాదు. అంత వయసు మనిషి చెప్పిన మాటని ఆ రోజు వరకూ ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. రాస్తే రాశాం, సాయంత్రానికి తుడిచాం. అయినా ఆవిడ అదే చాలనుకుంది.

మంగళవారం క్లాసులో, సీతాఫలం సంగతి నేను అడక్కుండా చెప్పాను, మీరు అడిగి తేల్చుకోండి అన్నాను. వకీలుగారబ్బాయే ముందు లేచాడు, "ఎవర్ని అడగాలండీ?" అని. ఆ ప్రశ్న వేసినందుకు వాడి వీపు తట్టాను. ఆ వేసవిలో నా ఉద్యోగం ఖాయమయింది. తాళంచెవి మందసం మీద నుంచి పెట్టెలోకి వెళ్లింది.

ఆ తరవాత నేను చెప్పిన ప్రతి పాఠమూ ఆవిడ పెట్టిన చివాట్లకి భయపడుతూ చెప్పిందే. పిల్లల చేత పొగాకు తెప్పించాను, పింగాణీ జాడీలు తెప్పించాను, కాకినాడ ఓడ దిగిన సీమ గుడ్డ ముక్కలు తెప్పించాను. ఒకసారి ఉప్పాడ నేతగాణ్ణి బడికి పిలిచి, ఆ సీమ గుడ్డ వచ్చాక మగ్గం ఏమైందో అతని నోటే చెప్పించాను. నాకు తెలిసింది తెలిసినంతే చెప్పాను. తెలియని చోట తెలియదన్నాను. ఎన్నో తప్పులు చేశాను గాని, ఆధారం లేకుండా నల్లబల్ల మీద ఒక్క ముక్క రాయలేదు. పరీక్షకి రాజుల పేర్లూ చెప్పాను, వకీలుగారికి ఇచ్చిన మాట.

చివరి బల్ల పిల్లవాడు మేష్టరయ్యాడు. కోనసీమలో పని దొరికితే మామ్మని కూడా తీసుకుపోయాడు. మధ్యలో రెండు మూడు సార్లు వెళ్లాను. ఆవిడ తలుపు వెనక నుంచే కుశలం అడిగేది. నేను అరుగు మీద నుంచే జవాబు చెప్పేవాణ్ణి. కృతజ్ఞత మాట ఎత్తబోతే, "అన్నం తిని వెళ్లండి" అని కొట్టేసేది. ఆవిడ చేతి కొరివికారం అక్కడే తిన్నాను. అలాంటిది మా అమ్మ కూడా చెయ్యలేదు. ఆవిడా ఆ పచ్చడి అంటే ప్రాణం పెట్టేదిట. మనవడే చెప్పాడు, ఒంటిపూట అన్నంలో అదొక్కటి ఉంటే ఇంకేమీ అడగదని.

ఈ మధ్య ఆవిడ మొదటి ఆబ్దికానికి రమ్మని ఉత్తరం రాశాడు. లాకులు దాటుకుంటూ కాలవ పడవ మీద వెళ్లాను. పురోహితుడు మంత్రం చెబుతున్నాడు. ఆవిడ పేరిట కూర్చున్న బ్రాహ్మడికి విస్తరి వేశారు. అరటికాయ కూర, కంద, పెసరపప్పు, గారెలు, మిరియాల చారు. వంటంతా ఆవిడ నేర్పిన పద్ధతేనని వాసనే చెబుతోంది. నేను వసారాలో స్తంభానికి ఆనుకుని చూస్తున్నాను.

మనవడి కూతురికి ఏడేళ్లుంటాయి. నా పక్కన నించుని ఆ విస్తరి వంక కన్నార్పకుండా చూసింది. వాళ్ల నాన్నతో అంది.

"తాతమ్మకి కొరివికారం ఇష్టం కదా నాన్నా. ఆ విస్తట్లో ఎందుకు వెయ్యలేదు?"

"తప్పమ్మా, వెయ్యకూడదు" అన్నాడు పురోహితుడు.

"ఎందుకూ? తాతమ్మ ఎరుగును కదా."

మంత్రం ఆగింది. మనవడు నా వంక చూశాడు. ఒకప్పుడు చివరి బల్ల మీంచి చూసినట్టే చూశాడు, మేష్టారు చెబుతారేమోనని. ఆ పిల్ల కూడా నా వంకే తిరిగింది. నాకు జవాబు తెలీదు. పెద్దలు ఎరిగిందే పెట్టాలన్నది మాట. మిరపకాయ ఎరిగిన మనిషి ఇప్పుడు పెద్దలలో కలిసింది. మరి ఇంకనుంచి ఏం చెయ్యాలి? ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. పాతికేళ్ల అలవాటు కొద్దీ, "ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని అడిగి రామ్మా" అనబోయాను. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిడదే, ఎదురుగా ఉన్న ఆ విస్తరి.